స్పిన్‌ట్రానిక్సా, స్పిన్ క్యూబిట్లా?

ప్రశ్న: ఎమ్మెస్సీ ఫిజిక్స్ చివరి సెమిస్టర్‌లో ఉన్నాను. పీహెచ్‌డీ స్పిన్‌ట్రానిక్స్‌లో చేయాలా, స్పిన్ ఆధారిత క్వాంటమ్ టెక్నాలజీలో చేయాలా తేల్చుకోలేకపోతున్నాను. ఇప్పటినుంచే ఏం నేర్చుకోవాలి?

జవాబు: రెండింట్లోనూ స్పిన్ (ఎలక్ట్రాన్‌కు సహజంగా ఉండే అయస్కాంత గుణం) ఉన్నా, ల్యాబ్‌లో రోజూ చేసే పని వేరు. ఏ పనిని ఏళ్ల తరబడి విసుగు లేకుండా చేయగలరో చూసుకుని ఎంచుకోండి.

స్పిన్‌తో సమాచారాన్ని నిల్వ చేసే, చదివే స్పిన్‌ట్రానిక్స్‌లో ఎక్కువ సమయం పలుచని పొరలకే పోతుంది. 1988లో ఆల్బర్ట్ ఫెర్ట్, పీటర్ గ్రూన్‌బర్గ్ బృందాలు జెయింట్ మాగ్నెటోరెసిస్టెన్స్‌ను (అయస్కాంత క్షేత్రంతో రెసిస్టెన్స్ బాగా మారడాన్ని) కనుగొన్నదీ ఇనుము, క్రోమియం పొరల్లోనే. ఇవాళ్టి ఎమ్‌రామ్ అనే అయస్కాంత మెమరీలో రెండు కోబాల్ట్-ఐరన్-బోరాన్ పొరల మధ్య సుమారు 1 నానోమీటరు మందంలో మెగ్నీషియం ఆక్సైడ్ ఉంటుంది. అందులో చిన్న చిల్లు పడినా కరెంటు టన్నెలింగ్ (అడ్డుపొరను క్వాంటమ్ పద్ధతిలో దాటడం) లేకుండా నేరుగా దాటిపోతుంది, రెండు స్థితుల (పొరల అయస్కాంతత్వం ఒకే దిశలో, ఎదురెదురుగా) రెసిస్టెన్స్‌ల మధ్య తేడా పడిపోతుంది. పొరలు వేశాక 300 డిగ్రీల సెల్సియస్ చుట్టుపక్కల ఎనీల్ చేయకపోతే (వేడిచేసి ఉంచకపోతే) స్ఫటికం కుదరదు. వేడి మితిమీరితే పక్క పొరల్లోని పరమాణువులు లోపలికి చొరబడతాయి. ఇంతా చేసి, మణికట్టుకు గ్రౌండ్ పట్టీ లేకుండా ముట్టుకుంటే చేతి స్టాటిక్‌కే జంక్షన్ కాలిపోవచ్చు.

క్వాంటమ్ టెక్నాలజీ వైపు, సిలికాన్ స్పిన్ క్యూబిట్ల (స్పిన్‌లో దాచే క్వాంటమ్ బిట్ల) పని క్రయోజెనిక్స్ (అతిశీతల పరికరాలు), మైక్రోవేవ్ వైరింగ్‌ల చుట్టూ తిరుగుతుంది. సహజ సిలికాన్‌లో సుమారు 4.7 శాతం ఉండే సిలికాన్-29 కేంద్రకాల స్పిన్ క్యూబిట్‌ను చెదరగొడుతుంది, అందుకే శుద్ధి చేసిన సిలికాన్-28 వాడతారు. చల్లబరిచాక ఒక్క తీగ ఊడినా మళ్లీ వేడెక్కించి మొదటికి రావాల్సిందే.

గది ఉష్ణోగ్రతలోనే స్పిన్‌ను చూడాలంటే వజ్రంలోని ఎన్‌వీ సెంటర్‌తో (నైట్రోజన్ పరమాణువు, పక్కనే ఓ ఖాళీ ఉన్న లోపంతో) మొదలుపెట్టండి. నా ఓటు దీనికే. 532 నానోమీటర్ల ఆకుపచ్చ లేజర్ వేసి మైక్రోవేవ్‌ను స్వీప్ చేస్తే 2.87 గిగాహెర్ట్జ్ దగ్గర ఎర్రటి వెలుగు కాస్త తగ్గుతుంది. అయస్కాంతం దగ్గరికి తెస్తే ఆ పల్లం రెండుగా చీలుతుంది. సెంటర్ అక్షం వెంట ఉన్న ఫీల్డ్‌కు మిల్లీటెస్లాకు 56 మెగాహెర్ట్జ్ ఎడం. రెండు బదులు ఎనిమిది కనబడితే కంగారొద్దు, స్ఫటికంలో ఎన్‌వీలు నాలుగు దిశల్లో ఉంటాయి. పల్లాలన్నీ కలిసి కిందికి జరిగితే మాత్రం మైక్రోవేవ్ వేడిని అనుమానించండి. డిగ్రీకి సుమారు 74 కిలోహెర్ట్జ్ జరుగుతుంది. కొత్తవాళ్లు దాన్నే అయస్కాంత క్షేత్రం అనుకుని లెక్క కట్టేస్తుంటారు.

పైథాన్ తప్పదు. దాంతోపాటు ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డున్న కంప్యూటర్‌లో అయస్కాంతత్వాన్ని సిమ్యులేట్ చేసే మ్యూమాక్స్3 పెట్టుకుని, 500×125×3 నానోమీటర్ల పెర్మలాయ్ (నికెల్-ఇనుము మిశ్రమం) పలక అయస్కాంతత్వాన్ని తిప్పే ప్రామాణిక సమస్య 4 చేయండి. లెక్క కోసం పలకను విడగొట్టే ఒక్కో గడి, అంటే సెల్, 4 నానోమీటర్ల దగ్గర ఉంచాలి. ఎక్స్చేంజ్ పొడవు (అయస్కాంతత్వం దిశ మారడానికి పట్టే కనీస దూరం లాంటిది) 5 నానోమీటర్ల పైచిలుకే, సెల్ అంతకన్నా పెద్దదైతే వచ్చే బొమ్మ అందంగానే ఉంటుంది, ఫిజిక్స్ తప్పు.

గైడ్‌ను ఒప్పుకునే ముందు ఆయన విద్యార్థులతో విడిగా మాట్లాడండి. పలుచని పొరలు వేసే స్పటరింగ్ యంత్రం ల్యాబ్ సొంతమా, నలుగురితో పంచుకునేదా? అది చెడితే ఎవరు బాగుచేస్తారు? తొలి ఏడాదిలో ఎన్ని శాంపిల్స్ కొలిచారు?