1969లో కాంగ్రెస్‌ను చీల్చింది నిజంగా బ్యాంకులేనా?

ప్రశ్న: పెట్టుబడిదారీ విధానం మీద ఒకరితో ఒకరికి పడనివాళ్లు ఒకే పార్టీలో ఇమడగలరా? 1969లో కాంగ్రెస్ చీలింది అందుకేనా?

ఇమడగలరు, కుర్చీ గొడవ తోడు కానంతవరకు. పేదల వైపు ఇందిర, షావుకార్ల వైపు సిండికేట్ (పార్టీని నడిపిన పెద్ద నాయకుల ముఠా) అని రెండు ముక్కల్లో తేల్చేసే వ్యాసాలు చూస్తే ఒళ్లు మండుతుంది. సిండికేట్ వైపున్న మొరార్జీ దేశాయ్ బ్యాంకులను షావుకార్లకే వదిలేయమన్నాడా? ఆర్థికమంత్రిగా ఆయన తెచ్చిన సామాజిక నియంత్రణ చట్టం 1969 ఫిబ్రవరి 1న అమల్లోకి వచ్చింది. ఛైర్మన్ పారిశ్రామికవేత్త కాకూడదు, పూర్తికాలం పనిచేసే బ్యాంకరై ఉండాలి. బోర్డులో సగానికి పైగా వ్యవసాయం, చిన్న పరిశ్రమల్లాంటివి తెలిసినవాళ్లుండాలి. డైరెక్టర్ల సొంత కంపెనీలకు అప్పులు బంద్. చంద్రశేఖర్, మోహన్ ధారియా లాంటి యంగ్ టర్కులకు (పార్టీలోని వామపక్ష యువనేతలకు) ఇది ఆనలేదు, జాతీయీకరణే కావాలన్నారు. సరే, ఆ చట్టం పనిచేస్తుందో లేదో తేలడానికి ఐదున్నర నెలలు సరిపోతాయా?

జూలైలో బెంగళూరు ఏఐసీసీ ఇందిర పంపిన ఆర్థిక నోట్‌ను ఆమోదించింది కూడా. బెడిసింది రాష్ట్రపతి అభ్యర్థి దగ్గర. ఆమె వద్దంటున్నా సిండికేట్ నీలం సంజీవరెడ్డిని ఖాయం చేసింది. ఇక తేదీలు చూడండి. 16న మొరార్జీ నుంచి ఆర్థికశాఖ తీసేసుకున్నారు. 21న పార్లమెంటు మొదలు, సభ నడుస్తుంటే బ్యాంకుల జాతీయీకరణకు ఆర్డినెన్సు కుదరదు. సంతకం పెట్టాల్సిన తాత్కాలిక రాష్ట్రపతి వి.వి. గిరి తనే పోటీకి దిగుతూ 20న రాజీనామా చేస్తున్నారు. మిగిలింది 19, శనివారం. ఆ సాయంత్రానికి ఆర్డినెన్సు, రాత్రికి రేడియో ప్రసంగం. డిపాజిట్లు 50 కోట్లు దాటిన 14 బ్యాంకులు సర్కారువయ్యాయి. పట్టాభి పెట్టిన ఆంధ్రా బ్యాంకు ఆ గీత కింద ఉండిపోయి, 1980లో గానీ ప్రభుత్వపరం కాలేదు.

ఆదరాబాదరా పనికి ఫలితం 1970 ఫిబ్రవరి 10న కనిపించింది. పరిహారం లెక్క చెల్లదని, మిగతా బ్యాంకులను వదిలి ఈ 14నే ఇక బ్యాంకింగ్ చేయకూడదనడం వివక్ష అని, ఆ ఆర్డినెన్సు స్థానంలో వచ్చిన చట్టాన్ని సుప్రీంకోర్టు కొట్టేసింది. నాలుగు రోజుల్లో కొత్త ఆర్డినెన్సు తెచ్చారు. చివరికి ఇచ్చిన పరిహారం 87.4 కోట్లు.

ఈలోపు 1969 ఆగస్టులో రాష్ట్రపతి ఎన్నికల్లో 'ఆత్మప్రబోధం' మేరకు ఓటేయమని ఇందిర పిలుపునివ్వడంతో సొంత పార్టీ అభ్యర్థి సంజీవరెడ్డికి వెన్నుపోటు పడింది. తొలి ప్రాధాన్య ఓట్లతో తేలక, రెండో ప్రాధాన్యం లెక్కించాక గిరి గట్టెక్కారు. ఇద్దరూ తెలుగువాళ్లే కావడం మనకు మిగిలిన తమాషా. నవంబరు 12న ఇందిరను పార్టీ నుంచి బహిష్కరించారు. చూపిన కారణం బ్యాంకులు కాదు, క్రమశిక్షణ తప్పడం.