ఏ రోజు కాగితం ఆ రోజే

చిరంజీవి మేనల్లుడికి, మామయ్య ఆశీస్సులు.

నీ పోస్టింగ్ ఆర్డర్ ఫొటో మీ అమ్మ వాట్సాప్‌లో పంపింది. నీ పేరు పక్కన ‘జూనియర్ అసిస్టెంట్, తహసీల్దార్ కార్యాలయం’ అని చూసి కళ్ళు చెమర్చాయి. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చినప్పుడు నేను చేరింది కూడా ఆ ఉద్యోగంలోనే. 2020లో రిటైరయ్యేదాకా 35 ఏళ్ళు ఆ కాగితాల మధ్యే గడిచాయి. అందుకే ఈ ఉత్తరం. ఫోన్లో చెబితే సగం మాటలు గాలికి పోతాయి.

మొన్న మీ ఇంట్లో స్వీట్లు పంచుతుంటే మన చుట్టం ఒకాయన అడిగాడు చూడు, “జీతం సరే, గీతం ఎంత ఉంటుందట?” అని. అందరూ నవ్వారు. నువ్వూ నవ్వావు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మా నాన్న కాలంలో లంచాలు లేవని నేను చెప్పను. ఊరి భూముల లెక్కలు రాసే పట్వారీ చేయి తడపందే పహాణీలో పేరెక్కని రోజులు ఆయన చూశాడు. కానీ తిన్నవాడు ఆ సంగతి దాచుకునేవాడు, నలుగురిలో ఎత్తితే తల దించుకునేవాడు. ఇప్పుడు పెళ్ళిచూపుల్లో పై ఆదాయాన్ని అబ్బాయి చదువుతో కలిపి చెబుతున్నారు. సిగ్గుపడాల్సిన మాట గొప్పగా చెప్పుకునే మాటైంది. నాకు దిగులు అక్కడే.

లంచం అంటే నీ మనసులో ఏముందో నాకు తెలుసు. ఎవడో బ్రోకర్ కవరు తెస్తాడు, నేను వద్దంటాను, అంతే కదా అనుకుంటున్నావు. అది అట్లా రాదు అల్లుడూ. ముందు ఆలస్యం వస్తుంది. పైసలు దాని వెనక వస్తాయి. ఇది నేను చేసి తెలుసుకున్నది.

1988లో ఒక మండల ఆఫీసులో ఉన్నాను. భర్త పోయిన ఒకావిడ కుటుంబ సభ్యుల సర్టిఫికెట్ కోసం అర్జీ పెట్టుకుంది. విచారణ రిపోర్టు కూడా వచ్చేసింది. నేను నోట్ రాసి పైకి పంపితే అయిపోయే పని. పక్క సీటు పెద్దమనిషి, “తొందరేముంది, ఆగనియ్, వాళ్ళే వస్తారు” అన్నాడు. నేను ఎవరినీ ఏమీ అడగలేదు. కాగితాన్ని కట్ట అడుగుకు తోశాను, అంతే. ఆవిడ మూడోసారి వచ్చినప్పుడు నా బల్ల ముందు నిలబడి కొంగు ముడి విప్పింది. రెండు ఇరవైలు, రెండు ఐదులు. చెమటకు మెత్తబడి గుడ్డ పేలికల్లా ఉన్నాయి. రిజిస్టర్ మీద పెట్టి, మళ్ళీ ఒక ఐదు మీద వేలు ఆనించి, “బస్సు కిరాయికి ఇది ఉంచుకోనా సారూ?” అని అడిగింది.

తన పైసలు తను ఉంచుకోవడానికి నన్ను అనుమతి అడిగింది రా. నేను ఉంచుకోమన్నాను. అంటే నలభై ఐదు రూపాయలు తీసుకున్నాను. ఆ సాయంత్రమే సర్టిఫికెట్ చేతికిచ్చాను. ఆవిడ నాకు దండం పెట్టింది. ఏళ్ళ తర్వాత పని మీద ఆ ఊరికి వెళ్ళినప్పుడు ఆవిడ ఇల్లు అడిగాను. కొడుకు దగ్గరికి భివండి వెళ్ళిపోయిందన్నారు. తలుపుకు తాళం ఉంది. ఈ సంగతి మీ అమ్మకు కూడా ఇప్పటిదాకా చెప్పలేదు.

అవినీతి మీద కేంద్ర ప్రభుత్వం వేసిన కె. సంతానం కమిటీ 1964లో ఇచ్చిన నివేదికలోనే ‘స్పీడ్ మనీ’ అన్న మాట ఉంది. ఫైలు నడవాలంటే పైసలు పెట్టాలని జనానికి అలవాటైపోయిందని అప్పుడే రాశారు. కాబట్టి నువ్వు కాపాడుకోవాల్సింది ముందు నీ బల్ల. వచ్చిన తపాలు ఏ రోజుది ఆ రోజే పర్సనల్ రిజిస్టర్‌లో ఎక్కించు, నంబరు వేయి. ఇప్పుడు చాలాచోట్ల ఈ-ఆఫీస్ వచ్చిందంటున్నారు, మంచిదే. కానీ కంప్యూటర్లో కూడా కాగితాన్ని నిద్రపుచ్చేవాళ్ళున్నారు. ముందు వచ్చింది ముందు చూడు. వరుస తప్పించాల్సి వస్తే కారణం నోట్‌లో రాయి. అర్జీలో ఏది తక్కువైందో ఒకేసారి చెప్పు, కాగితం మీద రాసి ఇవ్వు. ఇవాళ ఆధార్ జిరాక్సు లేదని, రేపు రేషన్ కార్డు లేదని, ఎల్లుండి సంతకం సరిగ్గా లేదని తిప్పడమే మనిషిని బ్రోకర్ దగ్గరికి తోలడం. మూడుసార్లు తిరిగిన కూలీకి మూడు రోజుల కూలి పోతుంది. ఆ లెక్క చూసుకుంటే బ్రోకరే చవక అనిపిస్తుంది అతనికి. ఆ లెక్క అతని చేత వేయించేది మనమే.

పండగకో, నెలాఖరుకో ఆఫీసులో పంపకాలు ఉండొచ్చు. నీ డ్రాయర్లో కూడా ఒక కవరు కనిపించొచ్చు. గొడవ చేయకు, ఉపన్యాసం ఇవ్వకు. ఎవరు పెట్టారో వాళ్ళ చేతికే తిరిగిచ్చి, “నాకు వద్దు సార్” అను. అంతకన్నా ఒక్క మాట ఎక్కువ వద్దు. నువ్వు వాళ్ళకు నీతులు చెబితే పగబడతారు. ఊరుకుంటే కొన్నాళ్ళు అనుమానంగా చూసి వదిలేస్తారు. నన్నైతే జనం మొహం కనిపించని సెక్షన్‌లో పడేశారు. రెండేళ్ళు పాత రికార్డులు సర్దాను. అప్పుడు నేర్చుకున్న పనే తర్వాత నన్ను నిలబెట్టింది. “సార్ చెప్పాడు, చేసెయ్” అని నోటిమాటగా ఏదైనా తప్పుడు పని వస్తే, ఫలానా తేదీన మౌఖికంగా ఆదేశించారు అని నోట్‌లో రాసి పైకి పంపు. సగం ఆదేశాలు అక్కడే ఆగిపోతాయి.

ఇంకొకటి. నీ పేరు చెప్పి ఇంకొకరు వసూలు చేయకుండా చూసుకో. అర్జీదారుడితో నువ్వే మాట్లాడు. మధ్యలో మనిషి చేత తీసుకున్నా తీసుకున్నట్టే, చట్టం కూడా అదే అంటుంది.

చట్టం సంగతీ చెబుతాను. నేను ఆ నలభై ఐదు రూపాయలు తీసుకున్న ఏడాదే అవినీతి నిరోధక చట్టం వచ్చింది. ఇప్పుడు లంచం తీసుకున్నట్టు రుజువైతే తక్కువలో తక్కువ 3 ఏళ్ళు, 7 ఏళ్ళ దాకా జైలు. మా ఆఫీసులో ఒకసారి ఏసీబీ వాళ్ళు వచ్చారు. దొరికింది నాతో పదేళ్ళు కలిసి అన్నం తిన్న మనిషి. లంచంగా ఇప్పించిన నోట్లకు ముందే పొడి రాసి పంపారు. గాజు గ్లాసులో సోడియం కార్బొనేట్ కలిపిన నీళ్ళు, చూడటానికి మామూలు మంచినీళ్ళే. అతని వేళ్ళు ముంచగానే గులాబీ రంగుకు తిరిగాయి. అతను ఆ గ్లాసు వైపే చూస్తూ ఉండిపోయాడు. చీటీ కట్టాలి, అందుకే తీసుకున్నానని తర్వాత నాతో అన్నాడు. మూడు చీటీలు, కారు లోను, కొత్త ఇంటి లోను. అతని జీతం పదో తారీఖుకే అయిపోయేది. అతను పుట్టుకతో చెడ్డవాడేం కాదు.

అందుకే మొదటి రెండేళ్ళు కారు మాట ఎత్తకు. బండి చాలు. జీతంలో పట్టే ఇల్లు, జీతంలో పట్టే ఫంక్షన్లు. ఎవరికీ షూరిటీ సంతకం పెట్టకు.

పెళ్ళి సంగతి కూడా ఇప్పుడే చెప్పాలి. నీ ఉద్యోగానికి రేటు కట్టేవాళ్ళు నెల తిరక్కుండా మీ గడప తొక్కుతారు. కట్నం ఇవ్వడం, తీసుకోవడం రెండూ నేరమని 1961లోనే చట్టం చేశారు. దాన్ని అలా ఉంచు. లక్షలు పోసి నిన్ను కొనుక్కున్నవాళ్ళు జీతంతో సరిపెట్టుకొని బతికే అల్లుణ్ని చూస్తూ ఊరుకోరు, గీతం అడుగుతారు. కట్నం వద్దని నువ్వే మొదట అనాలి. మీ అమ్మను ఒప్పించే పని నాకు వదిలెయ్. చెల్లె నా మాట కాదనదు.

చేరే రోజు పదింపావుకే ఆఫీసులో ఉండు. నాలుగు ఫొటోలు, సర్టిఫికెట్ల జిరాక్సులు రెండు సెట్లు పెట్టుకో. అటెండర్‌ను “అన్నా” అని పిలువు. నీ సీటు ముందు ఒక కుర్చీ వేయించుకో, ముసలివాళ్ళొస్తే కూర్చోబెట్టు. పై నెల మొదటి ఆదివారం మీ అత్తయ్యా నేనూ వస్తాం. ఆ రోజుకు నీ రిజిస్టర్‌లో పెండింగ్ ఎన్ని ఉన్నాయో లెక్క రాసి పెట్టు. కూర్చుని ఒక్కొక్కటీ చూద్దాం.

ఇట్లు,
మీ మామయ్య