డచ్ మాతృభాషగా ఉన్నవాళ్లకు ఇంగ్లీషు ‘మస్ట్’, ‘మే’, ‘హావ్ టు’ ఎలా నేర్పాలి?

మీరు బెల్జియంలో ఉంటున్నారు, ఫ్లాండర్స్‌కి (బెల్జియంలో డచ్ మాట్లాడే ప్రాంతం) చెందిన పక్కింటావిడ మీ దగ్గర ఇంగ్లీషు నేర్చుకుంటున్నారు, ‘మస్ట్ నాట్’కీ ‘డోంట్ హావ్ టు’కీ తేడా ఎన్నిసార్లు చెప్పినా మళ్లీ మొదటికే వస్తున్నారు. ఇదే కదా మీ ప్రశ్న? తప్పు ఆవిడదీ కాదు, మీదీ కాదు. ఈ గందరగోళం వల్లే ఒకసారి నేను రెండు రోజులు నిద్రపోలేదు.

2016లో ఫ్లాండర్స్‌లోని లూవెన్ నగరంలో ఉద్యోగంలో చేరిన మొదటి నెల. టీమ్‌లో ఒకతను మెసేజ్ పెట్టాడు: ‘యూ మస్ట్ నాట్ కమ్ ఆన్ ఫ్రైడే’. శుక్రవారం నువ్వు రాకూడదు! ఏం తప్పు చేశానో అర్థం కాలేదు. ఉద్యోగం ఊడుతుందేమోనని ఒకటే టెన్షన్. సోమవారం అతనే వచ్చి, ‘ఏంటి రాలేదు? నా పుట్టినరోజు, నీకోసం కేక్ ముక్క కూడా దాచాను’ అన్నాడు. మెసేజ్ తీసి చూపించాను. అతను తెల్లబోయాడు. మీటింగ్‌కి నువ్వు రాకపోయినా పర్వాలేదు అని చెప్పానంటాడు!

అసలు సంగతేమిటంటే, ఫ్లాండర్స్‌లో ‘యె ముట్ నీట్ కోమెన్’ అంటే చాలాసార్లు ‘రానక్కర్లేదు’ అనే అర్థం (‘ముట్’ అంటే మస్ట్, ‘నీట్’ అంటే నాట్). మీరు ఏదైనా సాయం చేయబోతే ‘దట్ ముట్ నీట్’ అంటారు చూడండి, ‘అబ్బే, అక్కర్లేదండీ’ అని మర్యాదగా వద్దనడమే అది. దాన్ని మక్కీకి మక్కీ ఇంగ్లీషులో పెడితే ‘మస్ట్ నాట్’ అవుతుంది, మర్యాద కాస్తా నిషేధాజ్ఞగా మారిపోతుంది. నెదర్లాండ్స్ వాళ్లకు ఈ బాధ కొంచెం తక్కువ. వాళ్లు అక్కర్లేదు అనడానికి ‘హువెన్’ అనే వేరే క్రియ వాడతారు: ‘యె హుఫ్ట్ నీట్ తె కోమెన్’. ఈ ‘హువెన్’ దాదాపు ఎప్పుడూ ‘కాదు, లేదు’ తోడుగానే వస్తుంది, అచ్చం మన ‘అక్కర్లేదు’ లాగే.

ఇక్కడ తెలుగువాళ్లకు ఒక సుఖం ఉంది. ‘రావాలి’కి నేరుగా వ్యతిరేకపదం మనకు లేదు. ‘రాకూడదు’ అనాలా, ‘రానక్కర్లేదు’ అనాలా అని నోరు తెరిచేలోపే తేల్చుకోవాలి. ఇంగ్లీషు కూడా ఆ రెండింటినీ విడదీస్తుంది, మాటలే వేరు. నేను ఆ సహోద్యోగికి చెప్పింది ఇదే: ‘నాట్’ పడేది దేనిమీద? ‘మస్ట్ నాట్ కమ్’లో ‘నాట్’ రావడం మీద పడుతుంది, అంటే రాకుండా ఉండటం తప్పనిసరి. ‘డోంట్ హావ్ టు కమ్’లో తప్పనిసరి అన్నదాని మీదే పడుతుంది, అంటే ఆ బలవంతమే లేదు. ‘నాట్’ దేనిమీద పడుతుందో ఈ ఒక్కటి కాగితం మీద గీసి చూపించండి, పట్టికలు తర్వాత.

కానీ ‘మే నాట్’ దగ్గర ఇదే సూత్రం చెబితే దొరికిపోతారు. అనుమతి అర్థంలో అక్కడ ‘నాట్’ అనుమతినే కొట్టేస్తుంది: అనుమతి లేదు, రాకూడదు. పైగా ‘హి మే నాట్ కమ్’ అంటే ‘అతను రాకపోవచ్చు’ అని కూడా. డచ్‌లో ‘మఖ్ నీట్’ అంటే నిషేధమే, రాకపోవచ్చు అనడానికి ‘మిస్‌ఖీన్’ అని వేరే మాట పెడతారు. అందుకే ఆవిడ ‘మే నాట్’ చూడగానే ఎవరో అడ్డుకున్నారని అనుకుంటారు. కొన్నాళ్లు ‘మస్ట్ నాట్’, ‘మే నాట్’ రెండూ పక్కన పెట్టించి, ‘నాట్ అలౌడ్ టు’, ‘డోంట్ హావ్ టు’ మాత్రమే వాడమనండి. కొంచెం మోటుగా ఉంటుంది, కానీ ఎవరూ రెండు రోజులు నిద్ర మానుకోరు.

భూతకాలంలో ఇంకో గొయ్యి ఉంది. పైన చెప్పిన ‘మఖ్’కి మూలక్రియ ‘మోహెన్’, దాని భూతకాలం ‘మొఖ్ట్’, అంటే అనుమతి ఉండేది అని. దాని పోలిక చూసి ‘మైట్’ అనేస్తారు. చిన్నప్పుడు నన్ను బయటికి వెళ్లనిచ్చేవారు కాదు అనబోయి ‘ఐ మైట్ నాట్ గో’ అంటే, రేపు వెళ్లకపోవచ్చు అన్నట్టు వినిపిస్తుంది. ‘వాజంట్ అలౌడ్ టు’ అనాలి. అలాగే ‘మస్ట్’తో నిన్నటి సంగతి చెప్పలేం, ‘హాడ్ టు’ కావాలి. డచ్‌లో ‘ఇంటికి వెళ్లాలి’ అనేటప్పుడు వెళ్లడం అనే క్రియను మింగేసి ‘ఇక్ ముట్ నార్ హౌస్’ అంటారు. అందుకే ‘ఐ మస్ట్ టు హోమ్’ లాంటివి వస్తాయి. ఇవి వింటూ వింటూ సర్దుకుంటాయి, వదిలేయండి.

ఇంకొకటి, నాకు బాగా నచ్చినది. ‘యె ముట్ ఎన్స్ లంగ్స్‌కోమెన్’, అంటే ‘ఓసారి వచ్చిపోవాలి’ అని పిలుస్తారు. ఆ ‘ఎన్స్’ అచ్చంగా మన ‘ఓసారి’. ‘ఓసారి ఇంటికి రండి’ అన్నప్పుడు ఆ ‘ఓసారి’ లెక్క కాదు కదా, పిలుపులో తీపి. ఇంగ్లీషులోకి వచ్చేసరికి ఆ మాట జారిపోయి ‘యూ మస్ట్ కమ్’ ఒక్కటే మిగులుతుంది. దగ్గరివాళ్ల మధ్య అది ఆప్యాయంగానే ఉంటుంది కానీ, ఆఫీసు మెయిల్‌లో హుకుంలా కనిపిస్తుంది. ‘షుడ్’ అనో, ‘వై డోంట్ యూ’ అనో అలవాటు చేయించండి.

‘మస్ట్’ మాట్లాడేవాడి పట్టుదల, ‘హావ్ టు’ బయటి నియమం అనే సన్నటి తేడా పుస్తకాల్లో ఉంటుంది. దాని జోలికి ఇప్పుడే వెళ్లకండి. మాట్లాడే ఇంగ్లీషులో ‘మస్ట్’ వాడకమే తగ్గుతూ వస్తోంది.

అభ్యాసం కావాలంటే ఆవిడ పాత మెసేజ్‌లనే తీయించండి. నేనూ ఆ సహోద్యోగీ కలిసి అతని పాత మెయిళ్లు వెతికితే ఒక్క మధ్యాహ్నంలో నాలుగు ‘మస్ట్ నాట్’లు దొరికాయి. అందులో ఒకటి కస్టమర్‌కి వెళ్లింది: ‘యూ మస్ట్ నాట్ పే నౌ’. డబ్బు ఎందుకు ఆలస్యమైందో అప్పుడు తెలిసింది.