మైక్రోవేవ్‌లో స్పాంజి పెట్టొచ్చా?

కొత్తగా విదేశం వచ్చినవాళ్లు నాకు ఫోన్ చేసి వీసా సంగతులు అడుగుతారని మా ఇంట్లో అనుకుంటారు. నిజానికి ఎక్కువ సందేహాలు వంటింటివే. "అద్దె ఇంట్లో మైక్రోవేవ్ ఉందండీ. గిన్నెలు తోమే స్పాంజి అందులో పెడితే క్రిములు చచ్చిపోతాయట, నిజమేనా?" అని మొదలవుతుంది. ఆ వెనకే పాల సీసాలు, కూరలు తరిగే చెక్కలు, టూత్‌బ్రష్‌లు, మాస్కులు ఒక్కొక్కటీ బయటికొస్తాయి. వేడి చేసే పెట్టె కాబట్టి ఏది పెట్టినా శుభ్రమైపోతుందని చాలామంది నమ్మకం. నాకూ అదే నమ్మకం ఉండేది.

ఆ నమ్మకంతోనే, వచ్చిన మొదటి ఏడాది ఒక రాత్రి, ఎండిపోయి వాసనొస్తున్న స్పాంజిని ఉన్నదున్నట్టు మైక్రోవేవ్‌లో పెట్టి మూడు నిమిషాలు నొక్కాను. ఫోన్ మాట్లాడుతూ పక్క గదిలోకి వెళ్లాను. తిరిగొచ్చేసరికి లోపల పొగ. కంగారులో తలుపు తెరిచాను, అది రెండో తప్పు. పొగంతా బయటికొచ్చి అలారం మోగింది. అది మా ఒక్క ఇంటి అలారం కాదని, బిల్డింగ్ మొత్తానికీ కలిపి ఉందని నాకు అప్పుడే తెలిసింది. జనం పసిపిల్లల్ని దుప్పట్లలో చుట్టుకుని మెట్లు దిగి చలిలో నిలబడ్డారు. ఫైరింజన్ వచ్చి వెళ్లేదాకా నేను తలెత్తలేదు.

ఈ పని చేసింది నేనొక్కదాన్నే కాదని తర్వాత తెలిసి కాస్త ఊరట కలిగింది. అమెరికాలో ఫ్లోరిడా యూనివర్సిటీ పరిశోధకులు 2006లో ఒక ప్రయోగం ప్రచురించారు. తడి స్పాంజిని ఫుల్ పవర్‌లో రెండు నిమిషాలు ఉంచితే అందులో ఉన్న క్రిముల్లో 99 శాతానికి పైగా చచ్చాయి. పేపర్లలో, టీవీల్లో ఈ వార్త రాగానే జనం ఎగబడి తమ స్పాంజిలు మైక్రోవేవ్‌లో పెట్టారు. 'తడి' అన్న మాట మాత్రం చాలామంది చెవిన పడలేదు. ఇళ్లలో పొగలొచ్చాయి, కంపు కొట్టింది, యూనివర్సిటీ వాళ్లు మళ్లీ హెచ్చరించాల్సి వచ్చింది.

తడి అంత ముఖ్యం ఎందుకంటే, క్రిముల్ని చంపేది ఆ తరంగాలు కాదు, వేడి. ఇళ్లలోని మైక్రోవేవ్ 2450 మెగాహెర్ట్జ్ తరంగాలతో పనిచేస్తుంది. వాటిని బాగా పీల్చుకుని వేడెక్కేది నీరు. స్పాంజిలో నీరు ఉంటే అది మరిగి, ఆవిరై సందుసందుకీ పాకుతుంది. నీరు లేకపోతే స్పాంజే మాడుతుంది. ఖాళీ ప్లాస్టిక్ సీసాలాంటిదైతే అంతగా వేడెక్కదు కూడా, క్రిములు హాయిగా ఉంటాయి. ఇంకో చిక్కు, పెట్టెలో వేడి అన్ని చోట్లా సమానంగా పడదు. ఒక చోట మరుగుతుంటే పక్కనే గోరువెచ్చగా ఉంటుంది. లోపల పళ్లెం గిరగిరా తిరిగేది అందుకే. అది తిరగకుండా అడ్డుపడేంత పెద్ద వస్తువు పెట్టకండి.

ఇక స్పాంజి పద్ధతి. సబ్బుతో కడిగి, మెతుకులూ జిడ్డూ పోగొట్టి, నీళ్లు కారేలా తడిపి, ఒక గిన్నెలో కొంచెం నీటితో పెట్టండి. రెండు నిమిషాలు చాలు, పక్కనే నిలబడండి. ఆపాక పది నిమిషాలు ముట్టుకోవద్దు. లోపలి నీళ్లు మరిగి ఉంటాయి, పిండబోయి చేతులు కాల్చుకున్నవాళ్లు నాకు తెలుసు. గిన్నెలు తుడిచే గుడ్డకీ ఇదే పద్ధతి. తీగ పీచు, తీగ కలిసిన స్క్రబ్బర్ మాత్రం పెట్టకూడదు, మెరుపులొస్తాయి.

అలాగని ఒకే స్పాంజిని మరిగిస్తూ నెలలు గడపొద్దు. జర్మనీ పరిశోధకులు 2017లో వాడేసిన స్పాంజిలు తీసుకుని చూస్తే, కొన్నిచోట్ల ఘన సెంటీమీటరుకు 5,400 కోట్ల దాకా బ్యాక్టీరియా కనిపించింది. క్రమం తప్పకుండా శుభ్రం చేస్తున్నామని చెప్పినవాళ్ల స్పాంజిల్లోనూ తక్కువేమీ లేదు. చావగా మిగిలిన మొండి రకాలు ఖాళీ అయిన చోటంతా ఆక్రమించేస్తాయన్నది వాళ్ల అనుమానం. వారానికొకటి మార్చమన్నారు. నేను రెండు వారాలు లాగిస్తాను, అది నా పిసినారితనం, మీరు పాటించనక్కర్లేదు.

ఇక్కడే ఇంకో మాట. స్టెరిలైజ్ అన్న పదం మనం తేలిగ్గా వాడేస్తాం. ఆసుపత్రిలో ఆటోక్లేవ్ అనే యంత్రంలో, ఒత్తిడి కింద ఆవిరిని 121 డిగ్రీల సెల్సియస్‌కి చేర్చి, పదిహేను నిమిషాలకు పైగా అలాగే ఉంచుతారు. మొండి బ్యాక్టీరియాల సిద్ధబీజాలు, అంటే వేడిని తట్టుకోడానికి అవి తొడుక్కునే గట్టి నిద్రరూపాలు కూడా అప్పుడు చస్తాయి. మన మైక్రోవేవ్‌లో మూతపెట్టని నీళ్లు 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతాయి. ఫ్లోరిడా ప్రయోగంలోనూ సిద్ధబీజాలకు రెండు నిమిషాలు సరిపోలేదు, నాలుగు పట్టింది. ఇంట్లో మనం చేసేది క్రిముల్ని బాగా తగ్గించడం. వంటింటికి అది చాలు. పుండు కడిగే పరికరానికో, ఇంజక్షన్ సూదికో చాలదు, అలాంటివాటి జోలికి పోవద్దు.

పాల సీసాల గురించి కొత్త తల్లులు చాలా టెన్షన్ పడతారు. ఖాళీ సీసాని నేరుగా పెట్టి తిప్పితే లాభం లేదు. మైక్రోవేవ్ కోసమే చేసిన ఆవిరి స్టెరిలైజర్ పెట్టెలు, సంచులు దొరుకుతాయి. ముందు సీసా, నిపుల్, రింగు, మూత అన్నీ విడదీసి సబ్బునీళ్లతో, బ్రష్‌తో కడగండి. పాల జిడ్డు మిగిలితే దాని చాటున క్రిములు తప్పించుకుంటాయి. సీసాల మూతులు కిందికి ఉండేలా సర్దండి. నీళ్లు పెట్టె మీద రాసినంతే కొలిచి పోయండి. తక్కువైతే మధ్యలోనే ఇంకిపోయి ప్లాస్టిక్ వంకర పోతుంది, ఎక్కువైతే ఇచ్చిన సమయంలో ఆవిరి సరిగా పుట్టదు. సమయం మీ మైక్రోవేవ్ వాట్లను బట్టి మారుతుంది. ఆ అంకె సాధారణంగా తలుపు లోపలి అంచు మీదో, వెనకవైపో ఉంటుంది. ఇల్లు మారితే మైక్రోవేవ్ కూడా మారుతుంది, పాత ఇంటి లెక్క అక్కడ పనికిరాకపోవచ్చు. అయ్యాక రెండు మూడు నిమిషాలు ఆగి, మూతను మొహానికి అవతలివైపుకి తెరవండి.

రెండు నెలల లోపు పిల్లలకు, నెలలు నిండకుండా పుట్టినవాళ్లకు, రోగనిరోధక శక్తి తక్కువున్నవాళ్లకు ఇది రోజూ చేస్తే మంచిది. పెద్దయిన ఆరోగ్యవంతమైన పిల్లలకు ప్రతిసారీ బాగా కడిగి ఆరబెడితే సరిపోతుంది. డిష్‌వాషర్ ఉండి, అందులో వేడినీళ్లు, వేడిగాలి ఆరబెట్టడం రెండూ ఉంటే ఈ తతంగమే అక్కర్లేదు. పాలను మాత్రం మైక్రోవేవ్‌లో కాచకండి. సీసా చల్లగానే తగులుతుంది, లోపల ఒక చోట నోరు కాలేంత వేడి ఉంటుంది.

టూత్‌బ్రష్ మైక్రోవేవ్‌లో పెట్టొద్దు. ఎందుకంటే, చాలా బ్రష్‌లలో కుచ్చుల్ని చిన్న లోహపు ముక్కలతో బిగిస్తారు, పైకి కనపడవు. మాస్కులో ముక్కు దగ్గర ఉండే తీగ కూడా అంతే. 2020లో కరోనా భయంతో అమెరికాలో కొందరు లైబ్రరీ పుస్తకాల్ని మైక్రోవేవ్ చేశారు. లోపల అంటించిన ట్యాగ్‌లో లోహం ఉండటంతో పేజీలు మాడిపోయాయి. కత్తెర, గోళ్ల కత్తెర లాంటివి పొయ్యి మీద నీళ్లలో మరిగించుకోండి. కూరలు తరిగే ప్లాస్టిక్ పలకని సబ్బుతో వేడినీళ్లలో కడగండి, మైక్రోవేవ్‌లో దానికి ఒరిగేదేమీ లేదు.

ఇంత చెప్పినా ఎప్పుడో ఒకసారి లోపల మంట కనిపించవచ్చు. తలుపు తెరవకండి. ఆపేసి, ప్లగ్ పీకేయండి, అందకపోతే మెయిన్ స్విచ్ కట్టేయండి. గాలి అందక చాలాసార్లు దానంతటదే ఆరిపోతుంది. ఆరకపోతే బయటికి వచ్చి ఫైర్ వాళ్లకు ఫోన్ చేయండి. ఆరినా, ఇంటి ఓనరుకు చెప్పకుండా ఆ మైక్రోవేవ్‌ని మళ్లీ వాడకండి. నేను మూడు రోజులు దాచాను, వాసన దాగలేదు.