పుంగనూరు ఆవుకు జెర్సీ సంకరం వద్దు

ప్రశ్న: పలమనేరు దగ్గర మా కుటుంబమంతా కలిసి ఐదెకరాల్లో వేరుశెనగ, రాగి పండిస్తూ నాలుగు పుంగనూరు ఆవులను, నెల్లూరు గొర్రెలను, అసిల్ కోళ్లను పెంచుతున్నాము. పాలు పెరగాలంటే ఆవులకు జెర్సీ సూది (విదేశీ జెర్సీ జాతి ఆబోతు వీర్యంతో చూలు కట్టించడం) వేయించమని ఇరుగుపొరుగువారు అంటున్నారు. మా దగ్గర ఉన్నది ఒకే ఆబోతు. ఏమి చేయమంటారు?

జవాబు: అమ్మా, దయచేసి సంకరం చేయించవద్దు. పుంగనూరు ఆవు పాలు కొద్దివే అయినా వాటిలో వెన్న దాదాపు 8 శాతం వరకు ఉంటుంది కాబట్టి, ఇంట్లోనే నెయ్యి కాచి అమ్ముకోవడం మేలు. పైగా మూడడుగులకు అటూఇటూగా ఉండే ఈ చిన్న ఆవు మీ వేరుశెనగ కట్టెతో, రాగి గడ్డితో కడుపు నింపుకుంటుంది. ఈ జాతి ఒకప్పుడు అంతరించే దశకు చేరడానికి విచ్చలవిడి సంకరం కూడా కారణమే.

నన్ను కలవరపెట్టింది మీ ఒకే ఆబోతు సంగతి. దానికి పుట్టిన పెయ్యలు ఎదకు వచ్చే నాటికి కూడా అదే మందలో ఉంటే, తండ్రీకూతుళ్ల కలయిక వల్ల చూలు నిలవడం తగ్గి, దూడలు బలహీనంగా పుడతాయి. అందువల్ల ప్రతి దూడకు తల్లి, తండ్రి, పుట్టిన తేదీ పుస్తకంలో రాసుకొని, పెయ్యలు ఎదకు రాకముందే వాటితో బంధుత్వం లేని ఆబోతును తెచ్చుకోండి. ఈ జాతిని సంరక్షిస్తున్న పలమనేరు పశు పరిశోధన కేంద్రం మీకు దగ్గరే కనుక ముందుగా అక్కడ అడగండి. పొట్టేలును కూడా రెండేళ్లకొకసారి మార్చండి.