రామప్ప సర్వేకి వెళ్తున్న అమ్మాయికి

అమ్మలూ,

రామప్ప గుడి సర్వే టీమ్‌లో నిన్ను వేశారని మీ నాన్న చెప్పాడు. సంతోషం. కొత్త మెషీన్లు చేతికొస్తాయన్న హుషారులో ఉంటావు. వాటిని పెట్టెలోంచి తీసే ముందు గుడి చుట్టూ ఊరికే తిరుగు. వాన కురిసే రోజయితే మరీ మంచిది. పైకప్పు మీద పడ్డ నీళ్లు ఎటు పోతున్నాయి, ఏ మూల నిలుస్తున్నాయి, ఏ రాయి అన్నిటికంటే ఆలస్యంగా ఆరుతోంది, అన్నీ ప్లాన్ మీద గుర్తు పెట్టుకో. రాతి కట్టడాల జబ్బులు చాలావరకు నీళ్లతోనే మొదలవుతాయి.

అక్కడ రాయి అంతా ఒకటే రకం కాదు. 1213 నాటి శాసనం ప్రకారం రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి అది. గోడలకు ఎర్రటి ఇసుకరాయి, శిల్పాలకు నల్లటి డోలరైట్, గర్భగుడి మీది విమానానికి నీళ్లలో తేలేంత తేలికైన ఇటుకలు వాడారు. రాయి లోపల ఎంత గట్టిగా ఉందో చూడటానికి అల్ట్రాసోనిక్ తరంగం, అంటే చెవికి వినబడని ధ్వని, పంపి దాని వేగం కొలుస్తారు కదా. గట్టి డోలరైట్‌లో అది సెకనుకు 5 కిలోమీటర్లు దాటి పోతుంది. శిథిలమైన ఇసుకరాయిలో 2 కిలోమీటర్లు కూడా పోకపోవచ్చు. రెండూ ఒకే పట్టికలో వేసి ఇసుకరాయి చెడిపోయిందని రాసేయకు. దేన్ని దానితోనే పోల్చాలి, అదే రాయిలో బాగున్న చోటును చెడ్డ చోటుతో. ఇంకో చిక్కుంది. రాయి తడిగా ఉంటే తరంగం వేగం పెరుగుతుంది. వానాకాలంలో కొలిస్తే జబ్బు రాయి ఆరోగ్యంగా కనబడుతుంది! అందుకే రీడింగ్ పక్కనే తేమ కూడా రాసుకోవాలి. రాయిని కొట్టి గట్టిదనం చూసే రీబౌండ్ హ్యామర్‌ని మాత్రం శిల్పాలు చెక్కిన రాయి దగ్గరికి రానివ్వకు, ఎవరు చెప్పినా సరే.

పగుళ్ల సంగతి. పగులు ఎంత వెడల్పుందో కాదు, కదులుతోందా లేదా అన్నది అసలు ప్రశ్న. ఎండకి, చలికి రాయి కదలడం మామూలే. కాబట్టి పగులు కదలికను కొలిచే గేజ్ బిగించి కనీసం ఏడాది పాటు, ఉష్ణోగ్రతతో సహా నమోదు చెయ్యాలి. ఒక్కసారి కొలిచి తేల్చేయడం ఒక్క పూట జ్వరం చూసి మందు రాయడమే. రామప్ప పునాది గోతిలో ఇసుక నింపారు కదా, నేల ఎగుడుదిగుడుగా ఉంటే అది పాత కుంగుడా, ఇప్పటికీ కుంగుతోందా అన్నది కూడా పదే పదే లెవెల్స్, అంటే నేల ఎత్తులు, తీస్తేనే తెలుస్తుంది. 1516లో శ్రీకృష్ణదేవరాయలు కట్టించిన శ్రీకాళహస్తి గాలిగోపురం 2010 మే 26న కుప్పకూలింది. దాని పగుళ్లు అంతకు ముందే అందరికీ తెలిసినవే.

గోడ అడుగున లవణాల తెల్లటి పొడి కనిపిస్తే కడిగించకు. ముందు మెత్తటి బ్రష్‌తో సేకరించి, ఎక్కడ, ఎంత ఎత్తులో దొరికిందో రాసి ల్యాబ్‌కి పంపు. నైట్రేట్ వస్తే గబ్బిలాల వైపు, సల్ఫేట్ వస్తే పాత సిమెంటు మరమ్మతుల వైపు ముందు చూడు. రాళ్ల మధ్య సిమెంటు అతుకుల్లోంచి తడి బయటికి పోలేక రాయిలోంచే పోతుంది, లవణాలు అక్కడే గడ్డకట్టి రాయిని పొరలు పొరలుగా ఊడగొడతాయి. రాళ్లను బిగించిన ఇనుప పట్టీల దగ్గర మాత్రం తుప్పును అనుమానించు. తుప్పు ఉబ్బి రాయిని లోపల్నుంచి పగలగొడుతుంది.

శాంపిల్ తీయాలంటే పురావస్తు శాఖ అనుమతి కాగితం దగ్గరుంచుకో. రిపోర్టు లావు చూసి మెచ్చుకునేవాళ్లు ఉంటారు, పట్టించుకోకు. ప్రతి అంకె పక్కన తేదీ, వేళ, వాతావరణం ఉండాలి. తొలి విడత పట్టికలు నాకు పంపు, నేనూ చూస్తాను.

మీ పెదనాన్న