బెస్ట్ అవైలబుల్ స్కూలా, గురుకులమా? మా ఇంట్లో రెండూ చూశాం

మీ పాప నాలుగో తరగతి, పరకాల దగ్గర పల్లె, ఎస్సీ కుటుంబం అన్నారు. ఐదో తరగతికి బెస్ట్ అవైలబుల్ స్కూల్ (ప్రభుత్వం ఫీజు కట్టి ప్రైవేటు బడిలో చదివించే పథకం) లాటరీకి పెట్టాలా, గురుకులానికా అని అడిగారు. మా బాబు మొదటిదానికి వెళ్లాడు, పాప రెండోదానికి.

నేను వరంగల్ ఎనుమాముల మార్కెట్లో అడ్తి (కమీషన్) దుకాణం గుమస్తాను. కలెక్టరేట్‌లో తీసిన లాటరీలో బాబు పేరు వచ్చిన రోజు వాడకట్టంతా మిఠాయి పంచాను. ప్రైవేటు బడి, హాస్టల్, ఏడాదికి 42 వేలు ప్రభుత్వమే కడుతుంది. చదువు బాగానే చెప్పారు, అబద్ధమాడను. రెండో ఏడు దసరా సెలవులయ్యాక పెట్టెతో తీసుకువెళితే గేటు దగ్గరే ఆపేశారు. ప్రభుత్వం నుంచి బకాయిలు రాలేదట. వచ్చాక తిరిగి ఇస్తాం, ఇప్పటికి సగం మీరే కట్టండి అన్నారు. తక్‌పట్టీ (సరుకు అమ్మిన లెక్క చీటీ) చేతిలో పెట్టి డబ్బుకు రేపు రమ్మంటే రైతు ముఖం ఎలా ఉంటుందో రోజూ చూసేవాణ్ణి. ఆ రోజు ఆ ముఖం నాది. "నాన్నా, మన ఊరి బడికే పోదాం" అని వాడు అన్నందుకే అప్పు తెచ్చి కట్టాను. ఆ రసీదు ఇంకా బీరువాలోనే ఉంది.

అందుకే పాపను గురుకులానికి రాయించాను. 1971లో మన పీవీ హయాంలో సర్వేల్‌లో మొదలైన పద్ధతి అది: బడీ ప్రభుత్వానిదే, పద్దూ ప్రభుత్వానిదే. ఫీజు పేరుతో పిల్లను ఆపేవాళ్లు ఉండరు. కష్టాలు లేవా? సీటు దూరంగా వచ్చింది, మొదటి నెలంతా ఏడ్చింది, రెండుసార్లు జ్వరంతో ఇంటికి తెచ్చుకున్నాం.

ప్రైవేటు బడుల్లో 25 శాతం సీట్ల మాట విన్నారేమో. విద్యాహక్కు చట్టంలో అది ప్రవేశ తరగతికే, మీ పాపకు పనికిరాదు.

గురుకుల పరీక్ష నాలుగో తరగతి స్థాయిలో 100 మార్కులకు ఉంటుంది, ఈ మధ్య ఫిబ్రవరిలో పెడుతున్నారు. పల్లెల్లో ఆదాయ పరిమితి లక్షన్నర. కులం, ఆదాయం సర్టిఫికెట్లు మీసేవలో ఇప్పుడే తీసుకోండి. లాటరీకీ పెట్టండి, తప్పులేదు. పేరు వస్తే మాత్రం ఆఫీసు గదిలో అడగకండి. సెలవు రోజు గేటు బయట నిలబడి, పిల్లలను చూడటానికి వచ్చిన తల్లిదండ్రులను అడగండి, ఈ ఏడు ఎవరితోనైనా డబ్బు కట్టించారా అని.